రెండో పీరియడ్ కూడా ఇప్పించండి

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, టైమ్ టేబుల్ వేసే సీనియర్ మాస్టార్లకు, సైన్స్ ఫెయిర్లలో మార్కులు వేసే పెద్దలకు నమస్కారం.

చాలా ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన వాణ్ణి. రిటైరయ్యానన్న మాటే గానీ, ఏ బడి నుంచి కబురొచ్చినా కాగితాలు, స్ట్రాలు, సెలోటేపు సంచిలో వేసుకుని బయల్దేరతాను. పిల్లలతో రాకెట్లు చేయించడం నాకు వదలని జబ్బు. పిలిచేవాళ్లకు కొదవలేదు, చేసే మర్యాదకూ కొదవలేదు. కానీ గేటు దాటగానే వినబడే మాట మాత్రం ఎక్కడైనా ఒకటే. "మాస్టారూ, మీకో పీరియడ్ కేటాయించాం. చివరి పది నిమిషాలు అందరం బయటికొస్తాం, ఎగరేద్దురుగాని. ఫొటోలు కూడా తీయిద్దాం."

ఈ ఉత్తరం ఆ ఒక్క పీరియడ్ గురించి. నాకు రెండు కావాలి. నాకే కాదు, మీ బడిలో ఈ పని నెత్తికెత్తుకునే ప్రతి సైన్స్ టీచరుకూ కావాలి. అవి కూడా ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఇంకో సబ్జెక్టు దూరకుండా.

ఎందుకో చెప్పాలంటే ఒక ఎనిమిదో తరగతి గదిలో జరిగింది చెప్పాలి. ఆ రోజు చేసింది కాగితం రాకెట్. ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కో ముక్కని పెన్సిల్ మీద పొడవుగా చుట్టి, టేపు వేసి పెన్సిల్ లాగేస్తే గొట్టం తయారు. ఒక కొస మడిచి గాలి పోకుండా టేపు అంటిస్తే అదే ముక్కు. రెండో కొసలోంచి స్ట్రా దూర్చి గట్టిగా ఊదడమే. పది నిమిషాల్లో తరగతిలో అందరి చేతుల్లోనూ గొట్టాలున్నాయి. అందరూ ఊదారు. ఒకటో రెండో తప్ప అన్నీ గాలిలో పల్టీలు కొట్టి రెండు బెంచీల అవతల చతికిలబడ్డాయి. పిల్లలు పగలబడి నవ్వారు. రెండు మూడుసార్లు ఊది, ఒకరి మీద ఒకరు వేసుకున్నారు. గంట కొట్టారు.

ఒక్క పీరియడ్ ఇస్తే కథ సరిగ్గా ఇక్కడ ముగుస్తుంది. రాకెట్ అంటే ఊదితే పల్టీ కొట్టే కాగితం గొట్టమని పిల్లలు తెలుసుకుని ఇంటికి పోతారు.

ఆ రోజు నా అదృష్టం, తర్వాతి పీరియడ్ మాస్టారు సెలవు. గది నాకే వదిలేశారు. "మీ రాకెట్ ఎందుకు పల్టీ కొట్టింది? ఒక్కటంటే ఒక్కటే మార్చి మళ్లీ ఊదండి" అన్నాను. చివరి బెంచీలో ఒకమ్మాయి టేపు ముక్కని ఉండగా చుట్టి తోక దగ్గర అంటిస్తోంది. ఎందుకమ్మా అంటే, "కింద బరువుంటే నిటారుగా ఉంటుంది కదా సార్, పడేసినా లేచే బొమ్మలాగ" అంది. నేను ఊఁ అన్నాను, ఇంకేం అనలేదు. ఊదింది. ఈసారి పల్టీ కూడా కాదు, గొట్టం సగం దూరంలో వెనక్కి తిరిగి తోక ముందుకు పెట్టుకుని పడిపోయింది. ఆ పిల్ల నవ్వలేదు. గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, టేపు ఉండని పీకి ముక్కుకి అంటించింది. ఈసారి ఊదితే నేరుగా పోయి బోర్డుకి తగిలింది.

అప్పుడు చెప్పాను గొడ్డార్డ్ సంగతి. ముందే చెప్పి ఉంటే నోట్సులో రాసుకునేవాళ్లు, అంతే. రాబర్ట్ గొడ్డార్డ్ 1926 మార్చి 16న అమెరికాలోని ఆబర్న్ అనే ఊళ్లో, ఒక పొలంలో, ద్రవ ఇంధనంతో నడిచే మొదటి రాకెట్‌ని ఎగరేశాడు. పెట్రోలు, ద్రవ ఆక్సిజన్. అది ఎగిరింది రెండున్నర సెకన్లు, లేచింది 41 అడుగులు, పడింది 184 అడుగుల దూరంలో. ఆ రాకెట్ బొమ్మ చూస్తే మనకి విడ్డూరంగా ఉంటుంది. ఇంజిన్ పైన ఉంది, ఇంధనం తొట్లు కింద వేలాడుతున్నాయి. పైనుంచి లాగుతుంటే కింది బరువు దాన్ని నిలకడగా ఉంచుతుందని ఆయన లెక్క. చివరి బెంచీ అమ్మాయి లెక్కా అదేగా! అది పొరపాటని తెలిశాక తర్వాతి రాకెట్లలో ఇంజిన్‌ని కిందికి దించాడు. ఈ మాట విన్నప్పుడు ఆ పిల్ల మొహం ఎలా ఉందో నేను రాయలేను గానీ, మీరు ఆ గదిలో ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇంతకీ ఎందుకలా? గాలిలో ఉన్న రాకెట్‌ని పైనుంచి పట్టుకున్న చేయి ఏదీ లేదు, కింద ఆనిన నేలా లేదు. అది తిరిగితే తన గరిమనాభి, అంటే బరువంతా ఒకచోటే ఉన్నట్టు లెక్కవేసే చోటు, చుట్టూనే తిరుగుతుంది. భూమి లాగే లాగుడు ఆ గరిమనాభి మీదే పనిచేస్తుంది కనుక అది దాన్ని తిప్పలేదు, నిలబెట్టనూ లేదు. తిప్పేది గాలి ఒక్కటే. రాకెట్ కొంచెం పక్కకి వంగిందంటే గాలి దాని పక్కని తోస్తుంది. ఆ తోపు మొత్తం ఒకచోట పనిచేస్తున్నట్టు లెక్కవేస్తే, ఆ చోటు గరిమనాభికి వెనక ఉందా, తోక పక్కకి నెట్టబడి ముక్కు మళ్లీ దారిలోకి వస్తుంది. ముందు ఉందా, ఇక పల్టీయే. బాణానికి మొన దగ్గర ఇనుము, తోక దగ్గర ఈకలు పెట్టిన వాళ్లకి ఈ లెక్కలేవీ రాయడం రాదు గానీ సంగతి తెలుసు.

దీన్ని పరీక్షించడానికి ఊదనక్కర్లేదు కూడా. రాకెట్‌ని వేలి మీద ఆనించి, అది ఎటూ ఒరగకుండా నిలిచే చోటు చూసుకుని అక్కడ దారం కట్టాలి. దారం రెండో కొస పట్టుకుని తల చుట్టూ గిరగిరా తిప్పాలి. ముక్కు ముందుకు పెట్టుకుని తిరిగిందా, అది ఎగురుతుంది. అడ్డంగానో వెనక్కో తిరిగితే ముక్కుకి బరువైనా పెంచాలి, రెక్కలైనా పెద్దవి చేయాలి. రాకెట్ నీడలాంటి ఆకారాన్ని అట్టముక్కలో కత్తిరించి స్కేలు అంచు మీద నిలబెడితే గాలి తోపు నిలిచే చోటు కూడా ఉజ్జాయింపుగా దొరుకుతుంది. దానికంటే గరిమనాభి కనీసం గొట్టం వ్యాసమంత ముందుండాలన్నది మోడల్ రాకెట్లు చేసేవాళ్ల పాత సూత్రం. ఏడో తరగతి పిల్లలు దీన్ని పావుగంటలో పట్టేస్తారు. ఆ పావుగంట రెండో పీరియడ్‌లోదే.

ఇక్కడ నేనో నిజం ఒప్పుకోవాలి. స్ట్రాతో ఊదేది అసలు రాకెట్ కాదు. అది ఊదుగొట్టంలోంచి వచ్చిన బాణం. స్ట్రా వదిలిన క్షణం నుంచి దాన్ని తోసేది ఏదీ లేదు. రాకెట్ అనిపించుకోవాలంటే వెనక్కి విసరడానికి సరుకు తన కడుపులోనే మోసుకుపోవాలి. ఈ తేడా చెప్పకుండా వదిలేసే టీచర్ల మీద నాకు కాస్త కోపం. అందుకే కాగితం గొట్టాల తర్వాత బుడగ తీస్తాను. గది ఈ గోడ నుంచి ఆ గోడకి దారం కట్టి, దానికి చిన్న స్ట్రా ముక్క ఎక్కించి, ఊదిన బుడగని ఆ స్ట్రాకి టేపుతో అంటించి మూతి వదిలేయడం. బుర్రుమని పోతుంది. అది నిజమైన రాకెట్.

ఎందుకు పోయిందని అడగండి, సగం తరగతి ఒకే జవాబు చెప్తుంది: "బుడగలోంచి వచ్చే గాలి బయటి గాలిని వెనక్కి తోస్తుంది సార్, అందుకే బుడగ ముందుకు పోతుంది." తప్పు. కానీ పిల్లల్ని తిట్టకండి. 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం ఇదే తప్పు చేసింది. శూన్యంలో తోయడానికి ఏమీ ఉండదు కదా, రాకెట్ అక్కడెలా పనిచేస్తుందని గొడ్డార్డ్‌ని ఎగతాళి చేసింది. పైగా హైస్కూళ్లలో రోజూ చెప్పే పాఠం కూడా ఈయనకి తెలిసినట్టు లేదంది! ఆ పత్రిక దిద్దుబాటు వేసుకుంది 1969 జూలై 17న, అపోలో 11 చంద్రుడి వైపు బయల్దేరిన మర్నాడు. నలభై తొమ్మిదేళ్లు పట్టింది. బుడగ తోసేది బయటి గాలిని కాదు, తన లోపలి గాలిని. లోపలి గాలి వెనక్కి పోతుంటే, దానికి ప్రతిచర్యగా బుడగ ముందుకు పోతుంది. న్యూటన్ 1687లో రాసిన మూడో సూత్రం. ఇది ఒకసారి చెబితే తలకెక్కేది కాదని పెద్ద పెద్ద సంపాదకులే రుజువు చేశారు గనక, పిల్లలకి ఇంకో నలభై నిమిషాలు ఇవ్వడం దుబారా కాదనుకుంటాను.

ఇక నీళ్ల రాకెట్. అసలు పండగ ఇదే, అసలు జాగ్రత్త కూడా ఇక్కడే కావాలి. గ్యాసు పానీయాలు పోసే గట్టి ప్లాస్టిక్ సీసాలో కొంత నీళ్లు పోసి, మూతికి బిరడా బిగించి, బిరడాలోంచి వాల్వు పెట్టి సైకిల్ పంపుతో గాలి కొడతాం. సీసా తలకిందులుగా స్టాండు మీద ఉంటుంది. వదలగానే గాలి నీళ్లని కిందికి చిమ్ముతుంది, సీసా పైకి లేస్తుంది. నీళ్లన్నీ రెప్పపాటులో అయిపోతాయి. ఆ తర్వాత ఎగిరేదంతా దాదాపు ఆ ఊపుతోనే.

ఎన్ని నీళ్లు పోయాలి? నాకు జవాబు తెలుసు. కానీ దాన్ని పిల్లలకి చెప్పను, మీ సైన్స్ టీచర్ని కూడా చెప్పనివ్వకండి. నీళ్లు అసలు లేకపోతే వెనక్కి విసరడానికి బరువైన సరుకు లేదు, వట్టి గాలి ఉఫ్ మంటుంది. నిండా పోస్తే తోయడానికి గాలికే చోటు లేదు, సీసా బరువెక్కి బద్ధకంగా లేచి ఒళ్లంతా తడిపి పడుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట ఉంది. ఒక గుంపు పావు సీసా, ఒక గుంపు సగం, ఒక గుంపు ముప్పావు పోసి, పంపు కొట్టిన పీడనం మాత్రం అందరూ ఒకటే ఉంచి ఎగరేస్తే, మూడో వంతు దగ్గర్లోనో అంతకు కొంచెం తక్కువలోనో బాగుందని వాళ్లే పట్టుకుంటారు. ఇంకా పైకి పోవాలంటే ఇంకా నీళ్లు పోద్దాం సార్ అని ప్రతి తరగతిలో ఒకడుంటాడు. వాడికి కాన్‌స్టాంటిన్ త్సియోల్‌కోవ్‌స్కీ పేరు చెప్తాను. చిన్నప్పుడు జబ్బు చేసి చెవులు సరిగ్గా వినబడకుండా పోయిన లెక్కల మాస్టారు. రష్యాలో బడిపిల్లలకి పాఠాలు చెప్పుకుంటూనే, మోసుకెళ్లే ఇంధనానికీ అందే వేగానికీ ఉన్న సంబంధాన్ని 1903లో ప్రచురించాడు. ఇంధనం రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు, ఎందుకంటే కొత్త ఇంధనాన్ని కూడా మొదట్లో మోయాల్సింది ఆ రాకెట్టే. రాకెట్ శాస్త్రానికి పునాది వేసింది ఒక బడిపంతులని గుర్తుచేయడంలో నాకు కొంత స్వార్థం కూడా ఉంది, ఏమనుకోకండి.

ఎత్తు కొలవకపోతే ఇదంతా నీళ్లాటే. కొలిచే పరికరం పిల్లల జామెట్రీ బాక్సులోనే ఉంది. కోణమానినిని తిరగేసి, తిన్నని అంచుకి స్ట్రా అంటించి, మధ్య చుక్క దగ్గర దారం కట్టి చిన్న బరువు వేలాడదీయాలి. రాకెట్ ఎగిరే చోటికి 30 మీటర్ల దూరంలో నిలబడి, స్ట్రాలోంచి రాకెట్‌ని దాని శిఖరం దాకా వెంబడించి, దారాన్ని అక్కడే వేలితో నొక్కిపట్టాలి. మొదటిసారి పెద్ద గొడవ అవుతుంది. కోణం 50 అని ఒకడు, కాదు 40 అని పక్కవాడు. ఇద్దరి దారమూ 50 దగ్గరే ఉంటుంది. స్ట్రా నేలకి సమాంతరంగా ఉన్నప్పుడు దారం చూపేది 90 కదా, అందులోంచి తీసేయాలని రెండోవాడికి తట్టింది, మొదటివాడికి తట్టలేదు. ఆ గొడవని ఆపకండి, బంగారంలాంటి గొడవ. 40 డిగ్రీలకి టాంజెంట్, అంటే ఎత్తుకీ దూరానికీ ఉన్న నిష్పత్తి, 0.84. దాన్ని 30 మీటర్లతో గుణిస్తే సుమారు 25 మీటర్లు, దానికి కొలిచినవాడి కంటి ఎత్తు కలపాలి. త్రికోణమితి ఇంకా రాని తరగతైతే గ్రాఫు కాగితం మీద 3 మీటర్లకి ఒక సెంటీమీటరు చొప్పున గీత గీసి, కోణం వేసి, నిలువు గీతని స్కేలుతో కొలిచేస్తారు. టాంజెంట్ ఎందుకు కనిపెట్టారు సార్ అని ఆ తర్వాత ఎవరూ అడగరు.

సిలబస్ ఏమవుతుందనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది కనుక ఒక్క మాట. చలన నియమాలు, పీడనం, గరిమనాభి, కోణాలు, సరాసరి, గ్రాఫు అన్నీ ఇందులో ఉన్నాయి. విడివిడిగా చెప్పడానికి మనం ఎన్ని పీరియడ్లు వాడుతున్నామో మీరే లెక్కవేయండి.

జాగ్రత్త గురించి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేనే తప్పు చేసినవాణ్ణి. ఒక బడిలో నీళ్ల రాకెట్ బిరడా బిగుసుకుపోయింది. పంపు కొట్టాం, తాడు లాగాం, కదల్లేదు. పిల్లలంతా చూస్తున్నారన్న మొహమాటంతో దగ్గరికెళ్లి వంగి సీసాని ఇటూ అటూ ఆడించాను. చెవి పక్కనుంచి దూసుకుపోయింది. కళ్లజోడు ఎక్కడో పడింది, చొక్కా తడిసింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు కాళ్లలో వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది. అరచెయ్యంత పక్కన నిలబడి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదేమో. అప్పట్నుంచి నా దగ్గర కొన్ని మాటలకి బేరం లేదు. గాలి నిండిన సీసా మీదికి ఎవరూ వంగరు, మాస్టారు అసలు వంగరు. ఇరుక్కుంటే దూరం నుంచే గాలి వదలడానికి ఏర్పాటు ముందే ఉండాలి. పీడనం 4 బార్లు దాటదు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). పల్చటి మంచినీళ్ల సీసాలు, గీతలుపడ్డ సీసాలు, వేడికి వంకర్లు పోయిన సీసాలు పనికిరావు. ముక్కు కాగితమో స్పాంజో కావాలి, ఇనుము, కర్ర కాదు. దగ్గరుండే ప్రతి ఒక్కరికీ కళ్లకి రక్షణ అద్దాలు.

అన్నిటికంటే ముఖ్యం, మంట జోలికి పోవద్దు. అగ్గిపుల్లల మందు గీకడం, పంచదారలో రసాయనాలు కలిపి పొయ్యి మీద పెట్టడం లాంటి వీడియోలు పిల్లలు చూస్తూనే ఉంటారు. 1957 అక్టోబరు 4న మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక ఉత్సాహం ఆగక, ఇనప గొట్టాల్లో మందు కూరి చేతులు పోగొట్టుకున్న కుర్రవాళ్లున్నారు. కాగితం, తేలిక కర్రతో చేసిన మోడల్ రాకెట్లు, ఫ్యాక్టరీలో తయారైన మోటార్లు, వాటికి రాసుకున్న నియమాలు అన్నీ అలాంటి ప్రమాదాల్ని తప్పించడానికి వాడుకలోకి వచ్చినవే. వాటిలో ముఖ్యమైన నియమం, ఇంధనాన్ని ఎవరూ సొంతంగా కలపకూడదని. బడిలో నీళ్లూ గాలీ చాలు. పిల్లలకి ఆ సరదా మన కళ్లెదుట తీరకపోతే ఎవరూ చూడని చోట తీర్చుకుంటారు, నా భయం అది.

ఇప్పుడు సైన్స్ ఫెయిర్ జడ్జీలకి. కొన్నేళ్ల కిందట ఒక ఫెయిర్‌లో నిలువెత్తు థర్మాకోల్ రాకెట్ వచ్చింది. మెరిసే రంగులు, లోపల లైట్లు, కంప్యూటర్లో కొట్టించిన చార్టులు. పక్క బల్ల మీద వంకర రెక్కలున్న నలిగిన సీసా ఒకటి, దాని పక్కన నీళ్లకి తడిసి ఉబ్బిన నోటుబుక్కు. అందులో పదకొండుసార్లు ఎగరేసిన లెక్కలున్నాయి. ఏడోసారి దగ్గర "రెక్క ఊడింది, అయినా రాస్తున్నాం" అని ఉంది. మొదటి బహుమతి థర్మాకోల్‌కి వెళ్లింది. ఆ మార్కులు వేసిన ముగ్గురిలో నేనూ ఒకణ్ణి. ఆ నోటుబుక్కు నేను సాయంత్రం, అంతా సర్దేస్తున్నప్పుడు తెరిచాను. ఆ ఇద్దరు పిల్లలు అప్పటికి బస్సెక్కేశారు.

దయచేసి బల్ల దగ్గరికి రాగానే ఒకే ప్రశ్న అడగండి: "ఇది ఎన్నోది?" మొదటిదే అంటే మిగతా ప్రశ్నలు నిదానంగా అడగొచ్చు. నాలుగోది అంటే కుర్చీ లాక్కుని కూర్చోండి, మొదటి మూడూ ఏమయ్యాయో వినండి.

హెడ్ మాస్టార్లకి నా విన్నపం మళ్లీ అదే. మధ్యాహ్నం ఎండ తగ్గాక, గాలి నెమ్మదించాక, రెండు పీరియడ్లు కలిపి ఇవ్వండి. మీరు కూడా రండి, కానీ మొదటి పీరియడ్ చివర్లో ఫొటోకి కాదు. రెండో పీరియడ్ మధ్యలో రండి, బెంచీల మీద టేపు ముక్కలు, నేలంతా కాగితాలు, ఎవరి రెక్క పెద్దదో వాదనలు జరుగుతున్నప్పుడు. గది చూసి మీకు చిరాకు వస్తుంది, గంట కొట్టాక ఊడ్పిస్తాం. ఎగరేసేటప్పుడు మీకూ ఒక జత కళ్లద్దాలు తెస్తాను. గాలి మీ వైపు వీచే చోట మాత్రం నిలబడకండి, నీళ్లన్నీ మీ మీదే పడతాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు